సబ్‌మెరైన్ థీమ్ మోడ్‌కు లియాన్ లీ ఓ11 డైనమిక్ ఎంతవరకు పనికొస్తుంది?

థీమ్ మోడ్ (కంప్యూటర్ కేసును కోసి, రంగులేసి ఒక ఇతివృత్తానికి తగ్గట్టు మార్చడం) కోసం కేసు కొనేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. ఏ పలకను కోయొచ్చు, ఏది ముట్టుకోకూడదు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది. ఈ మూడింటి ప్రకారం చూస్తే, లోపల ఒక దృశ్యం కట్టాలనుకునే మోడర్‌కు లియాన్ లీ ఓ11 డైనమిక్ చాలా మంచి కేసు. బయటి ఆకారాన్నే మార్చేయాలనుకునేవారు మాత్రం దీని జోలికి పోకపోవడం మేలు. ఎందుకో చెప్పడానికి పాత సబ్‌మెరైన్ కంట్రోల్ రూమ్ థీమ్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. తుప్పు మరకల ఉక్కు గోడ, రివెట్ల వరసలు, రాగి గొట్టాలు, ముల్లు కదిలే మీటర్లు, గుండ్రటి కిటికీలు. కోత, రంగు, వైరింగ్, వాటర్ కూలింగ్ అన్నీ ఇందులో తగులుతాయి కాబట్టి కేసు బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి.

కేసు సంగతి

2018లో వచ్చిన ఈ కేసు లియాన్ లీ సంస్థ, జర్మన్ ఓవర్‌క్లాకర్ (ప్రాసెసర్లను మామూలుకన్నా ఎక్కువ వేగంతో నడిపే నిపుణుడు) డెర్8ఆవర్ కలిసి చేసిన డిజైన్. లోతు 445 మి.మీ., వెడల్పు 272, ఎత్తు 446. అంటే దాదాపు 54 లీటర్లు. ముందు వైపు, ఎడమ వైపు టెంపర్డ్ గ్లాస్ ఉంటుంది. లోపల రెండు అరలు. గాజు వైపు అరలో మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు ఉంటాయి. పవర్ సప్లై, డ్రైవులు, వైర్ల కట్టలు వెనక అరలోకి పోతాయి. పైన మూడు, కింద మూడు, మదర్‌బోర్డు పక్క గోడకు మూడు, మొత్తం తొమ్మిది 120 మి.మీ. ఫ్యాన్లకు చోటుంది. ఆ మూడు చోట్లా 360 రేడియేటర్ (వాటర్ కూలింగ్‌లో నీటి వేడిని వదిలే, మూడు ఫ్యాన్ల పొడవు భాగం) పడుతుంది. ఫ్యాన్లు కేసుతో పాటు రావు.

మోడర్‌కు ఇందులో అసలు విలువ ఆ రెండో అర. మామూలు టవర్ కేసులో థీమ్‌ను పాడుచేసేవి పవర్ సప్లై, దాని నుంచి వచ్చే వైర్ల గుంపు. వాటిని దాచడానికి ఒక తొడుగు, ఆ తొడుగును థీమ్‌లో కలపడానికి ఇంకో తొడుగు, ఇలా పని పెరుగుతూ పోతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. గాజు వెనక కనిపించేది దాదాపు ఖాళీ గది, దానికి ఒక వెనక గోడ. అదనపు లైట్ల కంట్రోలర్, మీటర్లు నడిపే చిన్న బోర్డు, పవర్‌ను పంచే స్ప్లిటర్ వైర్లు అన్నీ వెనక అరలోనే సర్దేయొచ్చు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. సీపీయూ కూలర్ ఎత్తు 155 మి.మీ. దాటకూడదు. నాక్టువా కంపెనీ కూలర్లలో ఎన్‌హెచ్-యూ12ఎస్ ఎత్తు 158, ఎన్‌హెచ్-డీ15 ఎత్తు 165. రెండూ పట్టవు. ఎయిర్ కూలర్ వాడితే పొట్టిది చూసుకోవాలి, లేదంటే వాటర్ కూలింగ్ దారి పట్టాలి. సబ్‌మెరైన్‌కు గొట్టాలు ఎలాగూ కావాలి కాబట్టి ఈ థీమ్‌లో అది లోటు కాదు. వేరే థీమ్‌లో ఖర్చు పెరుగుతుంది. వెనక వైపు ఫ్యాన్‌కు చోటు లేదన్నది రెండో సంగతి. వేడి గాలి పై నుంచే పోవాలి. కాబట్టి పై కప్పు మీద ఏం కట్టాలన్నా జాలీలు మూసుకుపోకుండానే కట్టాలి. పెరిస్కోప్ లాంటిది పైన నిలబెట్టాలని అందరికీ అనిపిస్తుంది. అది సన్నగా, ఒక అంచుకు ఉంటే పరవాలేదు. వెడల్పాటి టవర్ కడితే ఎగ్జాస్ట్ (వేడి గాలి బయటికి పోయే దారి) మూసినట్టే.

తర్వాత వచ్చిన ఓ11 డైనమిక్ ఈవోలో కూలర్ ఎత్తు 167 మి.మీ. దాకా పడుతుంది, కేసు అమరికను తిప్పి గాజును కుడి వైపుకు తెచ్చుకోవచ్చు. కంప్యూటర్ బల్లకు ఎడమ మూలన ఉండేవారు ఈవోనే తీసుకోవాలి. లేకపోతే ఇంత పని చేశాక కూర్చున్న చోటి నుంచి ఎక్కువగా కనిపించేది కుడి వైపు రేకు పలకే.

స్కేలు తేలాకే గీత గీయాలి

థీమ్ మోడ్‌లలో ఎక్కువగా చెడేది స్కేలు దగ్గరే. సులువుగా దొరికే అనలాగ్ ప్యానెల్ వోల్ట్‌మీటర్ల ముఖం సుమారు 64 × 56 మి.మీ. ఉంటుంది. రాగి గొట్టం బయటి వ్యాసం 12 మి.మీ. ఇవి నిజమైన వస్తువుల కొలతలు. ఆ పక్కనే 1:24 స్కేలులో 73 మి.మీ. నావికుడి బొమ్మ నిలబెడితే ఆ మీటరు ఒక్కసారిగా మీటరున్నర వెడల్పు యంత్రమైపోతుంది, గొట్టం కాలువంత అవుతుంది. చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడా కొడుతుందని మాత్రం తెలిసిపోతుంది.

ఈ కేసుకు మా సలహా 1:1. అంటే ఇది చిన్న సబ్‌మెరైన్ కాదు, నిజమైన సబ్‌మెరైన్ గోడ నుంచి ఊడదీసి తెచ్చిన ఒక పరికరాల పెట్టె అనుకుని మొదలుపెట్టాలి. మనుషుల బొమ్మలు వద్దు, చిన్న నిచ్చెనలు వద్దు, బుల్లి తలుపులు వద్దు. మీటర్లు, వాల్వ్ చక్రాలు, రివెట్లు, పేరు పలకలు అన్నీ చేతికి అందే కొలతలో ఉండాలి. అప్పుడు మదర్‌బోర్డు కూడా ఆ పెట్టెలోని ఒక పరికరంలా కలిసిపోతుంది, దాన్ని దాచాల్సిన పని తగ్గుతుంది.

గాజు: కోయడానికి లేదు

టెంపర్డ్ గ్లాస్‌ను కోయలేం, రంధ్రం పెట్టలేం. వేడి చేసి గబుక్కున చల్లార్చడం వల్ల దాని పైపొరలు లోపలికి నొక్కుకుని ఉంటాయి, మధ్య భాగం బయటికి లాగుతూ ఉంటుంది. డ్రిల్ మొన పైపొర దాటగానే ఆ సమతుల్యం పోయి పలక మొత్తం గుండలవుతుంది. డైమండ్ బిట్ వాడినా, నీళ్లు పోస్తూ చేసినా ఇదే జరుగుతుంది. రెండు పక్కలా గాజున్న ఈ కేసు బయటి తొడుగు మార్పులకు ఎందుకు తగదో ఇక్కడే తేలిపోతుంది. బయట నుంచి కనిపించే ముఖాలు రెండూ కోతకు లొంగనివి.

గుండ్రటి కిటికీలకు మంచి దారి వినైల్. గాజు మొత్తాన్ని ముదురు బూడిద రంగు మ్యాట్ వినైల్‌తో కప్పి, కిటికీల చోట వృత్తాలు కత్తిరించి తీసేయాలి. ప్రతి వృత్తం చుట్టూ 3డీ ప్రింట్ చేసిన రింగును వీహెచ్‌బీ అనే బాగా గట్టిగా పట్టే డబుల్ సైడ్ టేప్‌తో అంటించాలి. గాజుకు ఏ హానీ లేదు, నచ్చకపోతే వినైల్ ఊడదీస్తే కేసు మళ్లీ కొత్తదే. వినైల్ అంటించేటప్పుడు నీళ్లలో రెండు మూడు చుక్కల సబ్బు కలిపి గాజు మీద చల్లుకుంటే పలకను జరుపుకుంటూ సరిచేయొచ్చు. తర్వాత మధ్య నుంచి అంచులకు నీళ్లు గెంటేయాలి. టేప్ అంటించే చోట మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిగా నొక్కి, 72 గంటలు కదల్చకుండా ఉంచాలి. ఆ టేప్ పూర్తి పట్టు వచ్చేది అప్పటికే. రింగు అంటించిన గంటకే పలకను నిలబెడితే మెల్లగా జారుతుంది.

కిటికీ ఎక్కడ రావాలో కంప్యూటర్ తెర మీద గీసుకుంటే కుదరదు. గాజుకు, లోపలి భాగాలకు మధ్య చాలా దూరం ఉంది. ఎదురుగా చూస్తే సీపీయూ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ కూలింగ్ దిమ్మె) సరిగ్గా వృత్తంలోకి వస్తుంది, కుర్చీలో కూర్చుని ఏటవాలుగా చూస్తే అక్కడ ర్యామ్ అంచు తప్ప ఏమీ కనపడదు. భాగాలన్నీ బిగించాక, వృత్తాలు కోసిన బ్రౌన్ పేపర్‌ను గాజు మీద టేప్‌తో తాత్కాలికంగా అంటించి, లోపల లైటు వేసి, రోజూ కూర్చునే చోట నుంచి చూడండి. వృత్తాలను జరుపుకుంటూ పోయి కుదిరిన చోట గుర్తు పెట్టుకోండి. 90 నుంచి 120 మి.మీ. వ్యాసం బాగుంటుంది. అంతకన్నా చిన్నవైతే లోపల పడ్డ శ్రమ ఎవరికీ కనపడదు.

నిజంగానే బోల్టులు పట్టే కిటికీ కావాలంటే గాజు తీసి అదే మందం అక్రిలిక్ పెట్టుకోవాలి. మందం ఊహించుకోకుండా కాలిపర్‌తో కొలవండి, గాజు కేసులో ఏ ఆధారంతో నిలబడుతోందో చూసి అక్రిలిక్‌కు అదే ఏర్పాటు చేయండి. ఎం3 బోల్టుకు 3.5 మి.మీ. రంధ్రం పెట్టాలి, 3 మి.మీ.ది పెడితే వేడికి పలక సాగినప్పుడు అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. డ్రిల్ నెమ్మదిగా తిప్పాలి, కింద చెక్క ఉండాలి, రంధ్రం అంచుకు కనీసం 8 మి.మీ. దూరంలో ఉండాలి. కోసిన అక్రిలిక్‌ను ఆల్కహాల్‌తో తుడవకూడదు. కోతలో మిగిలిన ఒత్తిడి ఉన్న అంచుల్లో సన్నని జుట్టు పగుళ్లు కొద్ది నిమిషాల్లోనే వస్తాయి. గోరువెచ్చని సబ్బు నీళ్లు చాలు.

రేకు పలకలు

కోతకు పనికొచ్చేవి కుడి వైపు పలక, పై కప్పు, లోపలి గోడలు. కోసే ముందు ప్రతి దానికీ అయస్కాంతం పెట్టి చూడండి. పట్టుకుంటే ఉక్కు, పట్టుకోకపోతే అల్యూమినియం. అల్యూమినియానికి సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ (లోహం పైపొరను కాస్త కొరికి పట్టుకునేది) తప్పదు, మామూలు ప్రైమర్ దాని మీద గోటితో గీకినా పెచ్చులుగా లేస్తుంది.

120 మి.మీ. ఫ్యాన్‌కు కొత్త రంధ్రం కావాలంటే నాలుగున్నర అంగుళాల హోల్ సా (గుండ్రటి రంధ్రం కోసే రంపం) సరిపోతుంది, అది 114 మి.మీ. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., ఒక్కో రంధ్రం 4.5 మి.మీ. స్పీడు బాగా తగ్గించి, కటింగ్ ఆయిల్ వేస్తూ, పలకను చెక్కకు బిగించి కోయాలి. పట్టు లేని పలక సా దంతాలకు చిక్కి గిర్రున తిరిగితే వేళ్లు పోతాయి. చతురస్రపు కోతలకు జిగ్‌సాలో అంగుళానికి 24 పళ్ల మెటల్ బ్లేడ్ పెట్టుకోండి, ముందు నాలుగు మూలల్లో 8 మి.మీ. రంధ్రాలు పెట్టుకోండి. రోటరీ టూల్ డిస్క్‌తో కూడా కోయొచ్చు గానీ గీతకు అటూ ఇటూ కొన్ని మిల్లీమీటర్ల మేర రంగు మాడిపోతుంది. తిరిగి రంగు వేసే పలకలకే అది వాడండి.

మదర్‌బోర్డు పక్కన మూడు ఫ్యాన్ల కోసం వదిలిన గోడ మోడర్‌కు ఈ కేసు ఇచ్చే పెద్ద బహుమానం. సుమారు 120 × 360 మి.మీ. జాగా, ఎడమ గాజు నుంచి చూస్తే సూటిగా కనపడుతుంది. రేడియేటర్‌ను పై కప్పుకు పంపించి, ఇక్కడ 2 మి.మీ. అల్యూమినియం పలక బిగిస్తే అదే కంట్రోల్ ప్యానెల్. 64 మి.మీ. మీటర్లు ఒకే వరసలో నిలువుగా మూడు పెడితే చుట్టూ పేరు పలకలకు, టాగుల్ స్విచ్‌లకు చోటు మిగులుతుంది. రెండు వరసలు పట్టవు, 128 మి.మీ. అవుతుంది. మీటర్ల వెనక టెర్మినళ్లు రెండో అరలోకి పొడుచుకొస్తాయి. అక్కడ డ్రైవుకో వైర్ల కట్టకో తగలకుండా ముందే అట్టముక్కతో సరిచూసుకోవాలి. ఈ ప్యానెల్ పెట్టడమంటే మూడు ఇన్‌టేక్ (గాలిని లోపలికి లాగే) ఫ్యాన్లు వదులుకోవడమే. అప్పుడు కింది మూడు ఫ్యాన్లే ఇన్‌టేక్, పై మూడు ఎగ్జాస్ట్. ఆ లెక్క ఈ కేసులో బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే కింది గాలి నేరుగా గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకే అందుతుంది.

అందుకే నేల జోలికి పోవద్దు. ఉక్కు నేల పలక వేసి చిల్లులు పెడితే సరిపోతుంది అనుకోవడం సహజం. లెక్క చూడండి. 114 మి.మీ. వృత్తం వైశాల్యం సుమారు 102 చదరపు సెం.మీ. మధ్యలో 40 మి.మీ. మోటారు భాగం పోతే గాలి పోయే చోటు దాదాపు 90. అంత చోటు 5 మి.మీ. చిల్లులతో రావాలంటే ఒక్కో ఫ్యాన్‌కు 450కి పైగా చిల్లులు పెట్టాలి. కాబట్టి నేలకు షడ్భుజాల మెటల్ మెష్ తీసుకుని దానికి తుప్పు రంగు వేయండి. సబ్‌మెరైన్లలో నడకదారి జాలీలు అలాగే ఉంటాయి కాబట్టి థీమ్‌కూ న్యాయం జరుగుతుంది.

మీటర్ల ముళ్లు నిజంగా కదలాలి

ఈ థీమ్‌లో చూసినవారు ఆగిపోయేది మీటర్ల దగ్గరే. బొమ్మ మీటర్లు పెట్టి వదిలేస్తే ఆ ఆకర్షణ పోతుంది. 0 నుంచి 5 వోల్టుల డీసీ వోల్ట్‌మీటరు కొని, ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు మీది పీడబ్ల్యూఎం పిన్‌కు (కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజీని మార్చేది) కలిపితే చాలు. ఈ మీటర్లు తీసుకునే కరెంటు చాలా తక్కువ, పిన్ నేరుగా నడపగలదు. పీడబ్ల్యూఎం సుమారు 490 హెర్ట్జ్‌లో వస్తుంది, ముల్లు అంత వేగంగా కదలలేదు కాబట్టి సగటు దగ్గర నిలబడుతుంది. ఫిల్టర్ అక్కర్లేదు. 100 డిగ్రీలకు 255 అనుకుంటే 70 డిగ్రీలకు 178 పంపాలి. కంప్యూటర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్ సెకనుకోసారి యూఎస్‌బీ ద్వారా ఉష్ణోగ్రత పంపుతుంది. మదర్‌బోర్డు మీది 9 పిన్నుల యూఎస్‌బీ 2.0 హెడర్ నుంచి అడాప్టర్ వేసుకుంటే వైరు కేసు దాటి బయటికి రాదు.

రెండు జాగ్రత్తలు. యూఎస్‌బీ నుంచి వచ్చేది ఎప్పుడూ నిండు 5 వోల్టులు కాదు, కాస్త తగ్గుతుంది. 255 పంపినప్పుడు ముల్లు చివరి గీతకు చేరకపోతే కోడ్‌లో గుణకం మార్చడం కన్నా, ముల్లు నిజంగా ఆగిన చోట్లను గుర్తు పెట్టి దాని ప్రకారం కొత్త డయల్ కాగితం ముద్రించడం మేలు. ఎలాగూ "వోల్టులు" అన్న డయల్ తీసి "డిగ్రీలు", "ఫ్యాన్ వేగం", "నీటి వేడి" అని పెట్టాలి కదా. డయల్ మార్చేటప్పుడు గదిలో ఎక్కడా ఇనుప రజను ఉండకూడదు. మీటరు లోపలి అయస్కాంతం దాన్ని లాక్కుని ముల్లును పట్టేస్తుంది. ఇక రెండోది, కంప్యూటర్ నిద్రలోకి పోతే ముల్లు చివరి అంకె దగ్గరే ఆగిపోతుంది. మూడు సెకన్లు సమాచారం రాకపోతే సున్నాకు రావాలని కోడ్‌లో రాసుకోండి.

లైట్లు

పాత సబ్‌మెరైన్లలో రాత్రిపూట కళ్లు చీకటికి అలవాటు పడి ఉండేందుకు ఎర్ర లైట్లు వాడేవారు. ఆ ఎరుపే ఈ థీమ్‌కు సరిపోతుంది, కరెంటు పరంగా కూడా లాభం. 5 వోల్టుల ఏఆర్‌జీబీ (ఒక్కో ఎల్‌ఈడీ రంగును విడిగా మార్చగల) స్ట్రిప్‌లో ఒక్కో ఎల్‌ఈడీ నిండు తెలుపులో సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తింటుంది, ఒక్క ఎరుపైతే 20. 60 ఎల్‌ఈడీల స్ట్రిప్ తెలుపులో 3.6 ఆంపియర్లు అవుతుంది. మదర్‌బోర్డు ఏఆర్‌జీబీ హెడర్లు సాధారణంగా 3 ఆంపియర్ల దాకానే ఇస్తాయి. ఎరుపైతే 1.2తో సరిపోతుంది. తెలుపు కూడా కావాలంటే శాటా పవర్‌తో నడిచే హబ్ పెట్టుకోండి. మూడు పిన్నుల 5 వోల్టుల స్ట్రిప్‌ను నాలుగు పిన్నుల 12 వోల్టుల హెడర్‌కు బలవంతంగా తగిలిస్తే ఎల్‌ఈడీలు అక్కడికక్కడే పోతాయి, తిరిగి రావు.

రంగు, తుప్పు

రంగు దగ్గర తొందర పనికిరాదు. ఫ్యాక్టరీ పౌడర్ కోటింగ్ గట్టిగా ఉంటే దాన్ని పూర్తిగా గీకాల్సిన పనిలేదు. 320, తర్వాత 400 కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, గ్రీజు లేకుండా తుడిచి, ప్రైమర్ రెండు మూడు పల్చటి పూతలు వేయండి. డబ్బా పలకకు 20 నుంచి 30 సెం.మీ. దూరంలో ఉండాలి, పలక దాటాకే మీట వదలాలి. దగ్గరగా పట్టుకుంటే రంగు కారుతుంది, మరీ దూరంగా పట్టుకుంటే గాల్లోనే ఆరిపోయి గరుకుగా పడుతుంది. తేమ ఎక్కువున్న రోజు వేస్తే లాకర్ రంగులు పాలలాగా తెల్లబడతాయి. ఎనామెల్ మీద లాకర్ వేస్తే కింది పొర ముడతలు పడి లేస్తుంది. ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ మూడూ ఒకే కుటుంబానివి కొనుక్కోవడమే దీనికి తేలికైన నివారణ.

స్టాండాఫ్‌ల మీద, స్క్రూ మరల్లో రంగు పడకూడదు. పాత స్క్రూలు బిగించి రంగు వేస్తే మరలు శుభ్రంగా ఉంటాయి. మదర్‌బోర్డు కూర్చునే ఇత్తడి స్టాండాఫ్‌లు తీసేసి, రంగు ఆరాక తిరిగి పెట్టాలి.

తుప్పు మరకలకు రెండు ప్రసిద్ధ పద్ధతులున్నాయి. ఉప్పు చల్లి పైన రంగు వేసి తర్వాత రాల్చేది ఒకటి, హెయిర్ స్ప్రే వాడేది ఇంకొకటి. కంప్యూటర్ కేసుకు రెండోదే వాడండి. ఉప్పు గుల్లలు అతుకుల్లో చిక్కుకుంటే తేమ పీల్చుకుని నిజంగానే తుప్పు పట్టిస్తాయి, తడి ఉప్పు కరెంటును కూడా పారిస్తుంది. హెయిర్ స్ప్రేతో పని ఇలా సాగుతుంది. ముదురు గోధుమ, నారింజ రంగులు స్పాంజితో అద్ది తుప్పు పొర చేసుకోవాలి. అది ఆరాక క్లియర్ కోట్ వేసి గట్టిపడనివ్వాలి. దాని మీద హెయిర్ స్ప్రే రెండు పూతలు, ఆరగానే నీటి ఆధారిత అక్రిలిక్ బూడిద రంగు పల్చగా. అరగంటలోపు గోరువెచ్చని నీళ్లతో తడిపిన గట్టి బ్రష్‌తో అంచుల్లో, రివెట్ల చుట్టూ రుద్దితే పై రంగు పెచ్చులుగా లేచి కింద తుప్పు కనిపిస్తుంది. నిజమైన ఓడలో నీరు నిలిచే చోట్లే తుప్పు పడుతుంది. రివెట్ల కింది వైపు, అతుకుల వెంట, అడుగు అంచున ఎక్కువగా, మధ్యలో చాలా తక్కువగా చేయండి. అంతటా సమానంగా చేస్తే మరకలు వాల్‌పేపర్‌లా కనిపిస్తాయి. చివర మ్యాట్ క్లియర్ కోట్ తప్పనిసరి. ఇనుప పొడి కలిపిన నిజమైన తుప్పు రంగులు బయటి పలకలకైతే సరే, ఫ్యాన్ గాలి తగిలే చోట వద్దు. రాలిన పొడి నేరుగా మదర్‌బోర్డు మీదికే పోతుంది.

రివెట్లకు 4 లేదా 5 మి.మీ. అర్ధగోళం స్టిక్కర్ ముత్యాలు తీసుకుని రంగుకు ముందే అంటించండి. 25 మి.మీ. ఎడం బాగుంటుంది. 446 మి.మీ. ఎత్తున్న అంచుకు రెండు చివర్లా 10.5 మి.మీ. వదిలితే సరిగ్గా 18 రివెట్లు పడతాయి. మీ పలక అసలు కొలత దీనికన్నా కొంచెం తక్కువ ఉండొచ్చు, తేడాను రెండు చివర్లకే పంచండి, ఎడం మాత్రం మార్చొద్దు. కన్ను ముందు పట్టేది ఆ ఎడంలో తేడానే.

3డీ ప్రింట్ భాగాల విషయంలో ఒక్క మాట. పీఎల్‌ఏ అనే ప్రింటింగ్ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. బయట కిటికీ రింగులకు ఫరవాలేదు. గ్రాఫిక్స్ కార్డు దగ్గర పెట్టే వాల్వ్ చక్రాలు, పట్టీలు పెట్‌జీ లేదా ఏఎస్ఏతో చేయించుకోవాలి.

రాగి గొట్టాలు

అలంకారానికి ఉత్తుత్తి గొట్టాలు పెట్టే బదులు వాటిలోనే నీళ్లు పారించడం ఈ కేసులో సాధ్యం. హార్డ్ ట్యూబ్ ఫిటింగులు గొట్టం బయటి వ్యాసానికి అచ్చంగా సరిపోవాలి. 12 మి.మీ. ఫిటింగుకు 12 మి.మీ. రాగి గొట్టమే కావాలి. ప్లంబింగ్‌లో అర అంగుళం అని అమ్మే రాగి గొట్టం బయటి వ్యాసం సుమారు 15.9 మి.మీ., అది ఇందులో పట్టదు. కోసిన చివరను లోపలా బయటా నునుపు చేయకపోతే ఫిటింగులోని ఓ-రింగ్ తెగి రోజుల తర్వాత కారడం మొదలవుతుంది. రాగి ఉన్న లూప్‌లో (నీళ్లు తిరిగే వలయంలో) అల్యూమినియం రేడియేటర్ పెట్టకూడదు. రెండు లోహాల మధ్య నీళ్లు బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. గొట్టం కనపడనివ్వదు కాబట్టి రంగు కూలెంట్‌తో పనిలేదు, స్పష్టమైనదే పోయండి, వాటర్ బ్లాక్ సన్నని గాళ్లు మూసుకుపోవు. నింపాక, కంప్యూటర్ ఆన్ చేసే ముందు, పవర్ సప్లైని మాత్రమే ఆన్ చేసి, మదర్‌బోర్డుకు కరెంటు లేకుండా పంపును తిప్పి, అతుకుల కింద టిష్యూలు పెట్టి ఒక రోజంతా చూడాలి.

పై కప్పు రేడియేటర్ మందం కూడా చూసుకోండి. 27 మి.మీ. రేడియేటర్‌కు 25 మి.మీ. ఫ్యాన్ కలిపితే 52. దాని కిందికి మదర్‌బోర్డు పై అంచు హీట్‌సింక్, ర్యామ్ వస్తాయి. ఎత్తైన ర్యామ్ ఉంటే ఇక్కడే తట్టుకుంటుంది.

పని వరస

అన్ని భాగాలూ ఒకసారి పొడిగా బిగించి, కంప్యూటర్ ఆన్ చేసి, లోడ్‌లో (బరువైన పని ఇచ్చి) అరగంట నడిపి, గది వేడి తీసేసిన అంకెలు రాసుకోండి. అవి లేకుండా మొదలుపెడితే తర్వాత పోల్చుకోవడానికి ఆధారమే ఉండదు. తర్వాత ప్యానెల్, జాలీ, మీటర్లు అన్నీ అట్టతో నిజమైన కొలతలో చేసి కేసులో పెట్టి చూడండి. వేరుచేసేటప్పుడు స్క్రూలు రకాన్ని బట్టి వేరు సంచుల్లో వేసి పేరు రాయండి. 6-32 మర, ఎం3 మర చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, తప్పు రంధ్రంలో బిగిస్తే మర పోతుంది. కోతలన్నీ అయ్యాకే రంగు. ప్రతి కోత తర్వాత అంచులు ఆకురాయి పట్టి, పలకను సబ్బు నీళ్లతో కడగాలి. ఉక్కు రజను ఒక్క ముక్క మదర్‌బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. రంగు వేశాక కనీసం వారం ఆగండి. ముట్టుకుంటే ఆరినట్టున్న పలకను ఒక దాని మీద ఒకటి పెడితే ముద్రలు పడతాయి.

గ్రాఫిక్స్ కార్డును నిలువుగా పెట్టాలనుకుంటే విడి బ్రాకెట్, కార్డును మదర్‌బోర్డు స్లాట్‌కు కలిపే రైజర్ కేబుల్ కావాలి. పీసీఐఈ (కార్డు స్లాట్ ప్రమాణం) 4.0 కార్డుకు 3.0 రైజర్ వేస్తే తెర నల్లబడడం, సిస్టమ్ ఆగిపోవడం మామూలే. బయాస్‌లో ఆ స్లాట్‌ను జెన్ 3కి దించాలి, లేదా 4.0 రైజర్ కొనాలి. ఈ థీమ్‌కు మాత్రం కార్డును అడ్డంగానే ఉంచమంటాం. నిలువుగా పెడితే అది గొట్టాలనూ కంట్రోల్ ప్యానెల్ కింది భాగాన్నీ కప్పేస్తుంది, ఫ్యాన్లు గాజుకు దగ్గరై వేడి కూడా పెరుగుతుంది. బదులుగా కార్డు వెనక పలక మీద 1.5 మి.మీ. ప్లాస్టిక్ షీటుతో రివెట్ల తొడుగు చేయండి. కొత్త కార్డుల్లో చాలావాటికి వెనక పలక చివర గాలి బయటికి పోయే జాలీ ఉంటుంది, దాన్ని మూయకుండా తొడుగును అక్కడే ఆపండి.

అంతా బిగించాక మొదట రాసుకున్న పరీక్షే మళ్లీ చేయండి. అదే లోడ్, అదే అరగంట, గాజు పలకలు రెండూ మూసి. తేడా 5 డిగ్రీల లోపుంటే థీమ్ గాలికి అడ్డం రాలేదని అర్థం. అంతకు మించితే ముందు నేల జాలీ తీసి చూడండి, తర్వాత పై కప్పు మీది అలంకారం. ఈ కేసులో గాలి తగ్గే చోట్లు ఆ రెండే. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే వేడెక్కితే నేల, సీపీయూ కూడా వేడెక్కితే పైకప్పు.